రెండు ఫిల్టర్లు, ఒక ఉష్ణోగ్రత

కొలిమి ముందు కూర్చున్న కమ్మరికి థర్మామీటరు అక్కర్లేదు. ఇనుప కడ్డీ ఎర్రబడిందా, పసుపు తిరిగిందా, తెలుపెక్కిందా అన్నది చూసి సుత్తి ఎప్పుడు వెయ్యాలో చెప్పేస్తాడు. సూర్యుడి ఉపరితలం వేడిని శాస్త్రజ్ఞులు తెలుసుకున్నదీ దాదాపు ఇదే పద్ధతిలో. అక్కడి నుంచి వచ్చే వెలుగులో ఏ రంగు పాలు ఎంతో కొలిచి, ఉష్ణోగ్రత సుమారు 5,770 కెల్విన్‌లని తేల్చారు.

ఆ ఉపరితలం పైన, వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి అంతరిక్షంలోకి పరుచుకున్న కరోనా దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. కడ్డీ గట్టి పదార్థం. లోపల పుట్టిన వెలుగు బయటికి వచ్చేలోపు లెక్కలేనన్ని సార్లు పదార్థంతో ఢీకొని, దాని వేడికి తగిన రంగును సంతరించుకుంటుంది. కరోనా అలా కాదు. అది మనం పీల్చే గాలి కంటే కొన్ని వేల కోట్ల రెట్లు పలుచన. అందులో ఒక ఫోటాన్ పుడితే, దారిలో ఏదీ అడ్డు లేకుండా నేరుగా బయటికి వచ్చేస్తుంది. కాబట్టి కరోనాలో ఒకచోట వెలుగు ఎక్కువగా కనిపిస్తే దానికి రెండు కారణాలుండవచ్చు: అక్కడ పదార్థం ఎక్కువ ఉండవచ్చు, లేదా వేడి ఎక్కువ ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీయడమే ఈ అధ్యాయం విషయం. సౌర ఎక్స్ కిరణాల టెలిస్కోపులు కట్టేవాళ్ళూ, వాటి చిత్రాలు చదివేవాళ్ళూ అరవై ఏళ్ళుగా పట్టుదలగా చేస్తున్న పని ఇదే.

ఎలక్ట్రాన్లు ఊడిన ఇనుము

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు నిలబెట్టాడు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి చూస్తే, రంగుల పట్టీ బదులు విడివిడి కాంతి గీతలు కనిపించాయి. వాటిలో ఒక పసుపు గీత తర్వాతి కాలంలో హీలియం కనుగొనడానికి దారి తీసింది. మరుసటి ఏడాది, 1869 ఆగస్టు 7న, అమెరికాలో కనిపించిన గ్రహణంలో యంగ్, హార్క్‌నెస్ అనే ఇద్దరు కరోనాలోనే ఒక ఆకుపచ్చ గీతను చూశారు. అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత సరిపోలేదు. కొత్త మూలకం అనుకుని 'కరోనియం' అని పేరు పెట్టారు.

దాని చిక్కు విడిపోవడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది. 1940 ప్రాంతంలో జర్మనీలో గ్రోట్రియన్, స్వీడన్‌లో ఎడ్లెన్ ఆ గీత అసలు యజమానిని పట్టుకున్నారు. అది ఇనుమే. ఇరవై ఆరు ఎలక్ట్రాన్లుండే ఇనుప పరమాణువు నుంచి పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోతే మిగిలే అయాన్ ఆ ఆకుపచ్చ కాంతిని ఇస్తుంది. అన్ని ఎలక్ట్రాన్లను పీకెయ్యాలంటే పరమాణువును గుద్దే ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా పరుగెత్తాలో లెక్కేస్తే, ఉష్ణోగ్రత సుమారు ఇరవై లక్షల డిగ్రీలని తేలింది. ఆరు వేల డిగ్రీలైనా లేని ఉపరితలం మీద లక్షల డిగ్రీల వాతావరణం ఉందన్నమాట.

వేడికీ, పరమాణువు కోల్పోయే ఎలక్ట్రాన్లకూ ఉన్న సంబంధాన్ని నక్షత్రాల వాతావరణానికి 1920లో సమీకరణంగా రాసి ఇచ్చినవాడు మన మేఘనాథ్ సాహా. కరోనా మరీ పలుచన కావడంతో అక్కడ లెక్క కొంచెం మారుతుంది. పరుగెత్తే ఎలక్ట్రాన్ గుద్దుకుని అయాన్‌లో మరొకటి ఊడిపోవడం ఒక వైపు, దారిన పోయే ఎలక్ట్రాన్‌ను అయాన్ మళ్ళీ పట్టుకోవడం మరో వైపు. ఈ రెండూ సరితూగిన చోట ఏ అయాన్ ఎంత పాలు ఉంటుందో నిర్ణయమవుతుంది. దాంతో ప్రతి అయాన్‌కూ తనకంటూ ఒక ఉష్ణోగ్రత మేర ఏర్పడుతుంది. ఎనిమిది ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము ఏడు లక్షల డిగ్రీల దగ్గర ఎక్కువగా దొరుకుతుంది. పదకొండు పోయినది పదిహేను లక్షల దగ్గర, పదిహేడు పోయినది డెబ్భై లక్షల దగ్గర, ఇరవై పోయినది కోటి దాటాక. ఆ అయాన్ వెలుగు కనిపించిందంటే ఆ వేడి అక్కడ ఉన్నట్టే. కరోనాలో ఇనుమే మన థర్మామీటరు.

టెలిస్కోపు అడిగే ప్రశ్న

ఇలా ఎలక్ట్రాన్లు ఊడిన లక్షల డిగ్రీల వాయువు, అంటే ప్లాస్మా, తన శక్తిలో పెద్ద భాగాన్ని అతినీలలోహిత, ఎక్స్ కిరణాల రూపంలో వెదజల్లుతుంది. ఆ కిరణాలను మన వాతావరణం నేల దాకా రానివ్వదు. అందుకే రాకెట్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 1949లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన ఫ్రీడ్‌మన్ బృందం, యుద్ధంలో జర్మన్ల నుంచి దొరికిన వీ-2 రాకెట్ మీద గణకాలు పంపి, సూర్యుడి ఎక్స్ కిరణాలను కొలిచింది. 1960లో అదే పరిశోధనశాల సూదిబెజ్జం కెమెరాతో తొలి ఎక్స్ కిరణాల చిత్రం తీసింది. ఆ తర్వాత 1973లో స్కైలాబ్, 1991లో జపాన్ యోకో, 2006 సెప్టెంబరులో హినోడే వరసగా ఎక్స్ కిరణాల టెలిస్కోపులను మోసుకుని ఎగిరాయి.

హినోడేలోని ఎక్స్ కిరణాల టెలిస్కోపును దగ్గరగా చూద్దాం. మామూలు అద్దానికి ఎదురుగా వెళ్ళి తగిలే ఎక్స్ కిరణం తిరిగి రాదు, అద్దంలోనే ఇంకిపోతుంది. అద్దాన్ని దాదాపు రాసుకుంటూ పోయేలా, ఒక డిగ్రీ కంటే తక్కువ కోణంలో తగిలితేనే జారి మళ్ళుతుంది. అందుకే ఈ టెలిస్కోపు అద్దం పళ్ళెంలా కాక గొట్టంలా ఉంటుంది. దాని వ్యాసం 34 సెంటీమీటర్లు, లోపలి గోడే అద్దం. అక్కడి నుంచి 2.7 మీటర్ల దూరంలో 2048 అడ్డం, 2048 నిలువు చుక్కలున్న సీసీడీ చిత్రాన్ని పడుతుంది. ఒక్కో చుక్క సూర్యుడి మీద ఏడు వందల పైచిలుకు కిలోమీటర్ల మేరను చూస్తుంది.

మన కథకు కీలకం మాత్రం అద్దమూ కాదు, సీసీడీ కూడా కాదు. సీసీడీకి ముందు తిరిగే రెండు చక్రాల మీద బిగించిన తొమ్మిది ఎక్స్ కిరణాల ఫిల్టర్లే కీలకం. అన్నిటికంటే పలుచటిది సన్నని జాలీ మీద పరిచిన అల్యూమినియం పొర. దాని మందం మైక్రాన్‌లో ఆరో వంతు. అన్నిటికంటే మందమైనది 300 మైక్రాన్ల బెరీలియం రేకు. నడిమిలో టైటానియం, కార్బన్, మరికొన్ని అల్యూమినియం, బెరీలియం పొరలు ఉన్నాయి. పలుచటి పొర తక్కువ శక్తి ఫోటాన్లను కూడా వదిలేస్తుంది. మందపాటి బెరీలియం సుమారు రెండు వేల ఎలక్ట్రాన్ వోల్టులు, అంతకు మించిన శక్తి ఉన్న ఫోటాన్లను మాత్రమే చెప్పుకోదగ్గ పాళ్ళలో పోనిస్తుంది.

ఇక్కడొక చిన్న లెక్క చేసి చూడాలి. వేడి ప్లాస్మాలో ఎలక్ట్రాన్ అయాన్ పక్క నుంచి పోతూ వంపు తిరిగినప్పుడు ఎక్స్ కిరణం పుడుతుంది. ఇలా పుట్టే కాంతి, ఫోటాన్ శక్తి పెరిగే కొద్దీ ఘాతాంకంగా పడిపోతుంది. ఎంత వడిగా పడిపోతుందో ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. పది లక్షల డిగ్రీల దగ్గర ఈ తగ్గుదలకు కొలబద్ద 86 ఎలక్ట్రాన్ వోల్టులు. కోటి డిగ్రీల దగ్గర 862. వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్‌ను తీసుకుంటే, పది లక్షల డిగ్రీల దగ్గర ఆ ఘాతాంక గుణకం సుమారు లక్షలో ఒక వంతు. ఇరవై లక్షల దగ్గర 330లో ఒక వంతు. కోటి దగ్గర మూడో వంతు. అదే రెండు వేల ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్‌కైతే పది లక్షల డిగ్రీల దగ్గర సుమారు 1,200 కోట్లలో ఒక వంతు, కోటి డిగ్రీల దగ్గర పదో వంతు.

ఈ అంకెల్ని కాస్త నిలబడి చూడండి. ఉష్ణోగ్రత పెరిగింది పది రెట్లు. మందపాటి ఫిల్టరు చూసే కాంతి పెరిగింది వంద కోట్ల రెట్లకు పైగా. పది లక్షల డిగ్రీల ప్లాస్మా ఎంత పోగుపడ్డా ఆ ఫిల్టరుకు దాదాపు చీకటే. పలుచటి ఫిల్టరుకు మాత్రం రెండూ కనిపిస్తాయి. ఒకే టెలిస్కోపు, ఒకే సూర్యుడు. ముందున్న రేకు మారితే అడిగే ప్రశ్న మారిపోతోంది.

స్పందన రేఖ ఎలా గీస్తారు

ప్రతి ఫిల్టరుకూ ఒక స్పందన రేఖ ఉంటుంది. అడ్డం గీతమీద ఉష్ణోగ్రత, నిలువు గీతమీద ఆ ఫిల్టరు తెరిచే కిటికీలో, అంటే ఆ చానెల్‌లో నమోదయ్యే సంకేతం. నిర్ణీత పరిమాణంలో ప్లాస్మాను ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఉంచితే సీసీడీ ఎంత లెక్క చూపిస్తుందో ఆ రేఖ చెబుతుంది.

దీన్ని గీయాలంటే రెండు లెక్కలు కలవాలి. మొదటిది పరికరానిది. ప్రతి తరంగదైర్ఘ్యానికీ అద్దం ఎంత మళ్ళిస్తుంది, ఫిల్టరు ఎంత వదులుతుంది, సీసీడీ ఎంత పడుతుంది అన్నవి ప్రయోగశాలలో కొలిచి గుణిస్తారు. రెండోది ప్రకృతిది. ఆ ఉష్ణోగ్రతలో ఏ అయాన్లు ఎన్ని ఉంటాయి, ఒక్కోటి ఏ గీతలు వెదజల్లుతుంది, వాటికి నేపథ్యంగా ఘాతాంక కాంతి ఎంత అన్నది పరమాణు భౌతిక శాస్త్రం చెప్పాలి. దీనికోసం శాస్త్రజ్ఞులు 1990ల నుంచీ చియాంటి అనే పేరుతో ఒక భాండాగారాన్ని నిర్మిస్తూ వస్తున్నారు. వేలాది గీతల వివరాలు అందులో ఉన్నాయి. ఈ రెండు లెక్కలనూ తరంగదైర్ఘ్యం వెంట గుణించి కూడితే ఆ ఉష్ణోగ్రతకు ఒక అంకె వస్తుంది. లక్ష డిగ్రీల నుంచి పది కోట్ల దాకా అలాగే చేస్తూ పోతే రేఖ పూర్తవుతుంది.

ఇప్పుడు విడదీసే పని. లెక్క తేలికగా ఉండేందుకు ఊహించిన అంకెలే తీసుకుందాం. ఒక కొలత ప్లాస్మా ఇరవై లక్షల డిగ్రీల దగ్గర ఉంటే పలుచటి ఫిల్టరులో 100, మందపాటి దాంట్లో 1 వస్తుందనుకోండి. కోటి డిగ్రీల దగ్గరైతే 200, 100 వస్తాయనుకోండి. సూర్యుడి మీద రెండు ప్లాస్మా వంపులు కనిపించాయి. పలుచటి ఫిల్టరులో రెండింటికీ 400 వచ్చింది. చిత్రంలో రెండూ ఒకే వెలుగు, తేడా లేదు. మందపాటి ఫిల్టరు పెట్టి చూస్తే మొదటి దానికి 4, రెండో దానికి 200 వచ్చాయి. మొదటి దాని నిష్పత్తి నూటికి ఒకటి. అంటే ఇరవై లక్షల డిగ్రీలు, నాలుగు కొలతల పదార్థం. రెండో దాని నిష్పత్తి సగం. అంటే కోటి డిగ్రీలు, రెండు కొలతల పదార్థం.

నిష్పత్తి తీసుకోగానే పదార్థం ఎంత అన్నది పైనా కిందా కొట్టుకుపోతుంది. మిగిలేది ఉష్ణోగ్రత ఒక్కటే. ఆ తర్వాత వెనక్కి వచ్చి పదార్థం లెక్క తేల్చుకోవచ్చు. ఇక్కడ 'కొలత' అంటే సాంద్రత వర్గాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది. ఎలక్ట్రాన్, అయాన్ ఎదురుపడితేనే వెలుగు పుడుతుంది కాబట్టి సాంద్రత రెట్టింపైతే వెలుగు నాలుగింతలవుతుంది. ఒక చానెల్ చిత్రం చూసి ఇక్కడ వేడి ఎక్కువ అని చెప్పకూడదనడానికి ఇదీ ఒక కారణం. కొద్దిగా చిక్కబడిన ప్లాస్మా కూడా బాగా వేడెక్కినట్టు నటించగలదు.

భూమి చుట్టూ తిరిగే గోస్ ఉపగ్రహాలు దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. అవి సూర్యుడంతటి ఎక్స్ కిరణాలను 0.5–4 ఆంగ్‌స్ట్రాముల పట్టీలో ఒకసారి, 1–8 ఆంగ్‌స్ట్రాముల పట్టీలో ఒకసారి కొలుస్తాయి. రెండో పట్టీ ప్రకారమే సౌర జ్వాలలకు ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని తరగతులు ఇస్తారు. రెండు పట్టీల నిష్పత్తి తీస్తే జ్వాల ఉష్ణోగ్రత తెలుస్తుంది. పెద్ద జ్వాలల్లో అది కోటి నుంచి రెండు కోట్ల దాకా ఉంటుంది.

రేఖకు రెండు శిఖరాలుంటే

స్పందన రేఖ ఒక చోటే ఎగసి రెండు వైపులా దిగితే పని సులువు. చాలా చానెళ్ళకు ఆ అదృష్టం లేదు. 2010 ఫిబ్రవరిలో ఎగిరిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ మీద అతినీలలోహిత కాంతిని పట్టే ఏఐఏ అనే టెలిస్కోపుల బృందం ఉంది. పన్నెండు సెకన్లకొకసారి సూర్యుడంతటినీ పలు చానెళ్ళలో చిత్రిస్తుంది. పత్రికల్లో బంగారు రంగులో, నీలంలో, ఆకుపచ్చలో మనం చూసే సూర్యుళ్ళు ఎక్కువగా దానివే. ఆ రంగులు చానెళ్ళను గుర్తుపట్టడానికి కంప్యూటర్‌లో అద్దినవి. వేడికీ వాటికీ సంబంధం లేదు.

వాటిలో 131 ఆంగ్‌స్ట్రాముల చానెల్ చూడండి. ఏడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము నాలుగు లక్షల డిగ్రీల దగ్గర ఇచ్చే గీతలు ఆ కిటికీలో పడతాయి. ఇరవై పోయిన ఇనుము కోటి డిగ్రీల దగ్గర ఇచ్చే గీత కూడా అదే కిటికీలో పడుతుంది. రేఖకు రెండు శిఖరాలు వచ్చాయి. ఆ చానెల్‌లో ఒక మచ్చ మెరిస్తే అది చల్లటి ప్లాస్మానా, జ్వాల తాలూకు మండే ప్లాస్మానా? ఆ చిత్రం ఒక్కదాన్నీ ఎంతసేపు చూసినా తేలదు. పక్కన 171 చానెల్ తెరవాలి. అది ఏడు లక్షల డిగ్రీల చుట్టుపక్కల బాగా స్పందిస్తుంది. మచ్చ అక్కడా మెరుస్తుంటే చల్లటిదే అనుకోవడానికి ఆధారం దొరికినట్టు. అక్కడ ఏమీ లేక, డెబ్భై లక్షల డిగ్రీల ఇనుమును చూడగల 94 చానెల్‌లో వెలుగుతుంటే వేడిదే. 193 చానెల్‌దీ ఇదే తీరు. మామూలు రోజుల్లో పదిహేను లక్షల డిగ్రీల కరోనాను చూపిస్తుంది, పెద్ద జ్వాల లేచినప్పుడు రెండు కోట్ల డిగ్రీల ఇనుమును కూడా పట్టేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. మనం చూసే దిశలో ముందూ వెనకా వేర్వేరు వేడుల్లో ప్లాస్మా ఉంటుంది. కరోనా పారదర్శకం కాబట్టి అంతా కలిసే ఒక చుక్కలో పడుతుంది. ఇందాకటి లెక్కలో ఇరవై లక్షల డిగ్రీలది రెండు కొలతలు, కోటి డిగ్రీలది ఒక కొలత కలిసి ఉన్నాయనుకుందాం. పలుచటి ఫిల్టరులో మళ్ళీ 400 వస్తుంది. మందపాటి దాంట్లో 102. నిష్పత్తి దాదాపు నాలుగో వంతు. రేఖ మీద వెతికితే రెండింటికీ మధ్యన ఒక ఉష్ణోగ్రత చూపిస్తుంది. నిజానికి ఆ ఉష్ణోగ్రతలో అక్కడ చిటికెడు ప్లాస్మా కూడా లేదు.

అందుకే పరిశోధకులు ఒక ఉష్ణోగ్రత కోసం కాక, ఏ ఉష్ణోగ్రతలో ఎంత పదార్థం ఉందన్న పంపకం కోసం వెతుకుతారు. ఆరేడు చానెళ్ళ కొలతలన్నిటినీ ఒకేసారి సరిపెట్టే పంపకాన్ని కంప్యూటర్ల చేత లెక్కగట్టిస్తారు. ఇక్కడా జాగ్రత్త కావాలి. తెలియనివి ఎన్నో, కొలతలు కొన్నే. కొలతల్లో కొద్దిపాటి అలజడి ఉన్నా సమాధానం ఒక కొస నుంచి మరో కొసకు ఊగిపోగలదు. నిజాయితీ గల పరిశోధన తన సమాధానంతోపాటు అది ఎంత వెడల్పున ఊగగలదో కూడా చెబుతుంది.

పరికరం కూడా పుట్టినప్పటిలా ఉండిపోదు. హినోడే కక్ష్యలోకి వెళ్ళాక దాని సీసీడీ మీదా ఫిల్టర్ల మీదా పూత పేరుకోవడం మొదలైంది. తక్కువ శక్తి ఫోటాన్లను ఆ పూత మింగేస్తుంది. పలుచటి ఫిల్టర్ల స్పందన ఎక్కువగా తగ్గింది. సీసీడీని అప్పుడప్పుడు వేడి చేసి దాని మీది పూతను వదిలిస్తారు. ఫిల్టర్ల మీది పూత మాత్రం అలా పోదు. ఎంత పేరుకుందో లెక్కగట్టి, ఏ తేదీ చిత్రానికి ఆ తేదీ స్పందన రేఖనే వాడాలి. 2012 మేలో టెలిస్కోపు ముఖద్వారంలో ఉన్న పొర ఒకచోట చెడి, మామూలు వెలుగు లోపలికి రావడం మొదలైంది. కొన్ని చానెళ్ళ చిత్రాల నుంచి ఆ వెలుగును తీసివేసే పద్ధతిని శాస్త్రజ్ఞులు రూపొందించుకోవాల్సి వచ్చింది. ఇంకా ఒకటుంది. కరోనాలో ఇనుము, సిలికాన్, మెగ్నీషియం లాంటి మూలకాలు ఉపరితలంలో కంటే మూడు నాలుగు రెట్లు దాకా ఎక్కువగా ఉండగలవు. ఆ పాళ్ళు మారితే ఇనుప గీతల మీద ఆధారపడ్డ రేఖలన్నీ మారతాయి.

ఇంత శ్రమ ఎందుకు

కరోనాను లక్షల డిగ్రీలకు ఎవరు కాచి పెడుతున్నారు? ఎడ్లెన్ కాలం నుంచీ నడుస్తున్న ప్రశ్న ఇది. సౌర భౌతిక శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ 1988లో ఒక సమాధానం సూచించాడు. అయస్కాంత బలరేఖలు మెలికలు పడి, తెగి, మళ్ళీ అతుక్కుంటూ కంటికి విడిగా కనిపించనంత చిన్న పేలుళ్ళను ఎడతెగకుండా పుట్టిస్తాయని, ఆ నానో జ్వాలలే కరోనాను వేడెక్కిస్తాయని. అది నిజమైతే, పెద్ద జ్వాల ఏదీ లేని ప్రశాంత సమయంలో కూడా, అయస్కాంత క్షేత్రం బలంగా ఉండే క్రియాశీల ప్రాంతాల్లో అరవై లక్షలు, కోటి డిగ్రీల ప్లాస్మా కొద్దిగానైనా ఉండి తీరాలి.

ఆ కొద్దిపాటి ప్లాస్మాను పట్టుకోవడంలోనే చానెళ్ళ స్పందన పరీక్షకు నిలబడాలి. పలుచటి ఫిల్టర్లలో ముప్ఫై లక్షల డిగ్రీల పదార్థం వెలుగు దాన్ని కప్పేస్తుంది. మందపాటి ఫిల్టర్లలో ఫోటాన్లు మరీ కొన్నే చేరతాయి. అరవై లక్షల డిగ్రీలు దాటి, పరిమాణం తక్కువగా ఉన్న ప్లాస్మా హినోడే పరికరాలకు కనిపించని మూలలో పడిపోతుందని పరిశోధకులే లెక్కగట్టి చూపించారు. ఆ మూలలోకి తొంగి చూడడానికే ఫాక్సీ అనే రాకెట్ ప్రయోగాలు ఎక్కువ శక్తి ఎక్స్ కిరణాలను కేంద్రీకరించే అద్దాలతో 2012 నుంచీ ఎగురుతున్నాయి. కంటికి జ్వాల ఏదీ కనబడని క్రియాశీల ప్రాంతంలో కోటి డిగ్రీలు దాటిన ప్లాస్మా జాడను వాటిలో ఒకటి పట్టుకుంది.

ఈ పనిలో మనకూ భాగం ఉంది. చంద్రయాన్-2 మీద ఉన్న ఎక్స్‌ఎస్ఎం పరికరాన్ని అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల తయారు చేసింది. 2019–20లో సూర్యుడు బాగా నెమ్మదించిన రోజుల్లో, అన్నిటికంటే చిన్నదైన 'ఏ' తరగతికి కూడా అందని చిట్టి జ్వాలలను అది నమోదు చేసింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలిచి, సోలెక్స్, హీలియోస్ అనే రెండు పరికరాలతో సూర్యుడి ఎక్స్ కిరణాల వర్ణపటాన్ని ఎడతెరిపి లేకుండా కొలుస్తోంది. ఇవి చిత్రాలు తియ్యవు. సూర్యుడంతటినీ ఒకే చుక్కగా చూస్తాయి. అందుకు బదులు ప్రతి ఫోటాన్ శక్తినీ విడివిడిగా నమోదు చేస్తాయి. ఫిల్టర్ల వెడల్పాటి కిటికీల్లో కలిసిపోయేదాన్ని ఇవి విడదీసి చూపిస్తాయి. చిత్రం తీసే టెలిస్కోపు వేడి ఎక్కడుందో చెబుతుంది, వర్ణపటం కొలిచే పరికరం అది ఎంతో కచ్చితంగా చెబుతుంది. రెండూ కలిస్తేనే లెక్క ముడి పడుతుంది.

కాబట్టి సూర్యుడి చిత్రం ఒకటి చూసి, పక్కన ఇన్ని లక్షల డిగ్రీలని రాసి ఉంటే, ఆ అంకె ఏ చానెళ్ళను కలిపితే వచ్చిందో అడగండి. ఆ చానెల్ ఏ వేడికి స్పందిస్తుంది, ఏ వేడికి స్పందించదు, ఇంకో చానెల్ దాన్ని సమర్థించిందా అని అడగండి. కోట్ల కిలోమీటర్ల దూరంలో, చేయి పెట్టలేని చోట, పారదర్శకమైన పదార్థం వేడిని మనిషి కొలవగలిగింది ఒక పరికరాన్ని నమ్మి కాదు. ఒక్కో పరికరం ఎక్కడ గుడ్డిదో ముందే లెక్కగట్టి, ఒకదాని సాక్ష్యాన్ని ఇంకోదానితో సరిచూసుకునే ఓపిక వల్ల. కరోనా వేడెక్కడానికి అసలు కారణం తేలే రోజున కూడా దాన్ని నిరూపించేది ఈ సరిచూసుకోవడమే.